మాటను మోసే తరంగం: తెలంగాణ పీఠభూమిలో రేడియో మాడ్యులేషన్

మనిషి గొంతులోని ధ్వనిని మైక్రోఫోన్ విద్యుత్ సంకేతంగా మార్చినంత మాత్రాన ఆ సంకేతం ఆకాశంలో ప్రయాణించడానికి సిద్ధమైపోదు. మాట స్పష్టంగా వినిపించడానికి అవసరమయ్యే ధ్వని పౌనఃపున్యాలు, అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్యలు, టెలిఫోను లెక్క ప్రకారం 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉంటాయి. వెయ్యి హెర్ట్జ్‌ల విద్యుదయస్కాంత తరంగం పొడవు 300 కిలోమీటర్లు; స్తంభం రూపంలోని ఏరియల్ సమర్థంగా పనిచేయాలంటే దాని ఎత్తు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి కాబట్టి, ఆ సంకేతాన్ని ఉన్నదున్నట్టుగా ప్రసారం చేయదలచిన కేంద్రం 75 కిలోమీటర్ల స్తంభాన్ని నిలబెట్టవలసి వస్తుంది. అది ఎలాగో సాధ్యమైందనుకున్నా, హైదరాబాదు, విజయవాడ, కడప కేంద్రాలన్నీ అవే పౌనఃపున్యాల మీద ఒకేసారి పలికితే, సూర్యాపేట నుంచి జనగామ వెళ్ళే దారిలోని తిరుమలగిరిలో రేడియో ముందు కూర్చున్న శ్రోతకు మూడు గొంతులూ కలగలిసిన రొద తప్ప మరేమీ చేరదు. ఈ రెండు చిక్కులనూ ఒకేసారి తీర్చే ఉపాయం, మాటకంటే కొన్ని వందల లేదా లక్షల రెట్లు వేగంగా కంపించే వేరొక తరంగాన్ని తయారుచేసి, మాటను దాని మీదికి ఎక్కించి పంపడం. మోసే తరంగాన్ని వాహక తరంగం అనీ, ఎక్కించే ప్రక్రియను మాడ్యులేషన్ అనీ, గ్రాహకంలో తిరిగి దించుకునే ప్రక్రియను డీమాడ్యులేషన్ అనీ భౌతికశాస్త్ర గ్రంథాలు వ్యవహరిస్తాయి.

వాహక తరంగంలో మార్చదగినవి మూడే ఉన్నాయి. తరంగం ఎంత బలంగా ఊగుతున్నదో తెలిపే కంపన పరిమితి మొదటిది, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతున్నదో తెలిపే పౌనఃపున్యం రెండవది, ఒక క్షణాన ఆ ఊపు ఏ దశలో ఉన్నదో తెలిపే ‘దశ’ మూడవది. మాటలోని హెచ్చుతగ్గులను అనుసరించి వీటిలో ఒకదానిని తెంపు లేకుండా, ఏ విలువనైనా తీసుకోగలిగేలా మారిస్తే అది అనలాగ్ మాడ్యులేషన్ అవుతుంది. మాటను ముందుగా సున్నాలు, ఒకట్ల వరుసగా మార్చి, ఆ అంకెలను బట్టి తరంగాన్ని ముందే నిర్ణయించిన కొన్ని స్థితుల మధ్య మాత్రమే మార్చితే అది డిజిటల్ మాడ్యులేషన్ అవుతుంది. రేడియో ఇంజనీరింగులో గత నూరేళ్ళకు పైగా పుట్టిన పద్ధతులన్నీ, వాటి పేర్లు ఎంత పొడవైనవైనా, ఈ మూడు లక్షణాల కలయికలే.

ఇన్ని పద్ధతులు పుట్టవలసిన అవసరం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. ప్రసార కేంద్రం ఖర్చుచేసే విద్యుచ్ఛక్తి, అది ఆక్రమించే పౌనఃపున్యాల పట్టీ వెడల్పు, దారిలో కలిసే రొద అనే మూడింటి మధ్య ప్రకృతి ఒక బేరం పెట్టింది. ఒకటి తక్కువగా ఉన్నచోట మరొకటి ఎక్కువగా చెల్లించక తప్పదు. 1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన క్లాడ్ షానన్ ఈ బేరాన్ని ఒక సూత్రంగా రాశాడు. దాని సారం ప్రకారం, పట్టీ వెడల్పును రెట్టింపు చేసి రొదకూ సంకేతానికీ మధ్య నిష్పత్తిని అలాగే నిలపగలిగితే పంపగల సమాచారం కూడా రెట్టింపవుతుంది. కాని పట్టీని అంతే ఉంచి, అప్పటికే రొదను బాగా మించి ఉన్న సంకేతపు శక్తిని రెట్టింపు చేస్తే, ఒక్కొక్క హెర్ట్జ్‌కు సెకనుకు ఒక్క బిట్టు, అంటే ఒక్క సున్నా లేదా ఒకటి, మాత్రమే అదనంగా దక్కుతుంది. శక్తి మీద పెట్టే ఖర్చు త్వరగా ఫలితం తగ్గిపోయే ఖర్చు అన్నమాట. అయితే షానన్ సూత్రంలో కనిపించని పక్షం ఒకటి ఉంది. అది గ్రాహకం ధర. ఆ ధర చెల్లించేది శ్రోత. నల్లగొండ, పాలమూరు మెట్ట నేలల మీదుగా సాగిన రేడియో తరంగాల చరిత్రను పరిశీలించినప్పుడు, ఈ నాలుగో పక్షమే ఎక్కువ సార్లు తీర్పు చెప్పినట్టు కనిపిస్తుంది.

హైదరాబాదు సంస్థానంలో 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియో 200 వాట్ల ట్రాన్స్‌మిటరుతో ప్రసారాలు మొదలుపెట్టింది. 1950 ఏప్రిల్ 1న దానిని భారత ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకొన్నది. ఆ పరంపరలో వచ్చిన ఆకాశవాణి హైదరాబాదు ‘ఎ’ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద 200 కిలోవాట్ల శక్తితో మీడియం వేవ్ ప్రసారం చేసే కేంద్రంగా ఎదిగింది. శక్తి వెయ్యి రెట్లు పెరిగినా, శ్రోత దగ్గర తరంగ తీవ్రత పెరిగేది అందులో వర్గమూలం మేరకే, అంటే సుమారు ముప్పై రెండు రెట్లే. 200 వాట్ల నాటి కేంద్రమూ 200 కిలోవాట్ల కేంద్రమూ వాడిన పద్ధతి మాత్రం ఒక్కటే, కంపన పరిమితి మాడ్యులేషన్. లోకవ్యవహారంలో దీనికే ఏఎం అని పేరు.

ఈ పద్ధతిలో 738 కిలోహెర్ట్జ్‌ల వాహక తరంగం తన వేగాన్ని మార్చుకోకుండా, మాట హెచ్చినప్పుడు బలంగానూ మాట తగ్గినప్పుడు బలహీనంగానూ ఊగుతుంది. గణితపరంగా విడదీసి చూస్తే ఆ తరంగంలో మూడు భాగాలు కనిపిస్తాయి: మధ్యలో ఏ మార్పూ లేని వాహకం, దానికి పైన మాట పౌనఃపున్యాలంత ఎడంలో ఒక పార్శ్వపట్టీ, కింద అద్దంలో ప్రతిబింబంలా మరొక పార్శ్వపట్టీ. సమాచారమంతా పార్శ్వపట్టీలలోనే ఉంటుంది, అదీ రెండింటిలోనూ ఒకటే. ఒకే స్వరంతో నూటికి నూరుపాళ్ళు మాడ్యులేట్ చేసిన స్థితిలో, 200 కిలోవాట్ల వాహకానికి తోడు పార్శ్వపట్టీలు రెండూ కలిసి మరో 100 కిలోవాట్లు మాత్రమే మోస్తాయి. మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు, మాటలోని ఒక్క అక్షరాన్నీ మోయని వాహకానికే పోతుందని దీని అర్థం. మామూలు సంభాషణ సాగుతున్నప్పుడు ఈ నిష్పత్తి ఇంకా అన్యాయంగా ఉంటుంది.

ఇంజనీర్లకు ఈ దుబారా తెలియక కాదు. అమెరికా గణితజ్ఞుడు జాన్ కార్సన్ 1915 నాటికే వాహకాన్ని అణచివేసి ఒకే పార్శ్వపట్టీని పంపే పద్ధతిని ప్రతిపాదించాడు. సముద్రాంతర టెలిఫోను మార్గాల్లో, ఓడలలో, సైన్యంలో, అమెచ్యూర్ రేడియోలో అది స్థిరపడింది కూడా. అయినా ప్రజా ప్రసారాలు దాని జోలికి పోలేదు. వాహకాన్ని అణచివేస్తే గ్రాహకం దానిని తనలో తాను, అదే పౌనఃపున్యంతో, తిరిగి సృష్టించుకోవాలి. కొన్ని పదుల హెర్ట్జ్‌ల తేడా వచ్చినా పాట అపస్వరమైపోతుంది. వాహకం మాటతోపాటే వస్తే, ఒక స్ఫటికం లేదా డయోడు, ఒక చిన్న కెపాసిటరు ఉంటే చాలు, తరంగపు పై అంచు వెంట మాట బయటపడుతుంది. సరూర్‌నగరులోనో మరొకచోటో నిలిచిన ఒక్క ట్రాన్స్‌మిటరు రోజూ వృథా చేసే విద్యుత్తుకు బదులుగా లక్షల ఇళ్ళలో రేడియో పెట్టె చౌకైంది. 1960ల తరువాత పొలాల గట్ల మీద వేలాడిన ట్రాన్సిస్టరు వెనుక ఉన్న అర్థశాస్త్రం ఇదే. ట్రాన్స్‌మిటరు ధారాళంగా ఖర్చుపెట్టి, గ్రాహకానికి పొదుపు మిగిల్చిన ఏర్పాటును దుబారా అనడం కంటే సబ్సిడీ అనడం న్యాయంగా ఉంటుంది.

మీడియం వేవ్‌కు మరొక అనుకూలత తరంగదైర్ఘ్యం. 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. అంత పొడవైన తరంగం భూమి వంపును అంటిపెట్టుకుని సాగుతుంది కనుక, హైదరాబాదుకు నూరు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న తిరుమలగిరి దాకా పగటిపూట కూడా అది గట్టిగానే చేరుతుంది. పొద్దు గుంకాక వాతావరణపు పైపొరల్లో తరంగాలను మింగే అయాను పొర బలహీనపడి, ఇంకా పైనున్న పొరలు తరంగాలను తిరిగి కిందికి వంచుతాయి. అప్పుడు చెన్నై, ముంబై కేంద్రాలు మాత్రమే కాక దేశాంతర కేంద్రాలు కూడా అదే డయల్ మీద చేరతాయి. ఈ గుంపులో గొడవ రాకుండా ఉండటానికి 1975లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ ఒప్పందం ఆసియా, ఐరోపా, ఆఫ్రికాలలోని మీడియం వేవ్ కేంద్రాలను తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల ఎడంతో సర్దింది. 738 అనే సంఖ్య తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడటం కాకతాళీయం కాదు. విజయవాడ 837, విశాఖపట్నం 927, కడప 900 కూడా అటువంటివే. పార్శ్వపట్టీలు రెండూ ఆ తొమ్మిదిలోనే ఇమడాలంటే మాటలో, పాటలో నాలుగున్నర కిలోహెర్ట్జ్‌కు మించిన స్వరాలకు చోటుండదు. వేణువులోని పైస్థాయి మెరుపు, తాళాల చివరి ఖంగు మీడియం వేవ్‌లో మొద్దుబారి వినిపించడానికి కారణం ఇదే.

రొద ఏఎంకు పుట్టుకతో వచ్చిన శత్రువు. ఈ పద్ధతిలో సమాచారం కంపన పరిమితిలో ఉంటుంది. రొద కూడా కంపన పరిమితినే తాకుతుంది. కనుక గ్రాహకానికి రెండింటినీ విడదీసే వీలు లేదు. రోహిణి కార్తె వెళ్ళే రోజుల్లో పడమటి ఆకాశాన మెరిసే ప్రతి మెరుపూ, బోరుబావుల మీద బతికే మెట్ట గ్రామాల్లో మోటారు స్టార్టరు పడ్డప్పుడు రేగే ప్రతి నిప్పురవ్వా, స్తంభం మీద వదులుగా ఉన్న ప్రతి ఫ్యూజూ వార్తల మధ్యలో చిటపటలుగా వినిపిస్తాయి. గ్రామాల విద్యుదీకరణ రేడియో పెట్టెకు కరెంటునూ తెచ్చింది, రేడియో తరంగానికి రొదనూ తెచ్చింది.

దీనికి విరుగుడుగా వాహకపు బలాన్ని స్థిరంగా ఉంచి, పౌనఃపున్యాన్ని మాటను బట్టి అటూ ఇటూ జరిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన కొత్తది కాదు. 1922లో కార్సన్ దానిని గణితంతో పరీక్షించి, పట్టీ వెడల్పు తగ్గదని సరిగ్గానే నిరూపించి, ఆ పద్ధతి వల్ల ప్రయోజనం లేదని తీర్పు చెప్పాడు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు అదే గణితాన్ని తిరగేసి చూశాడు. పట్టీని తగ్గించడానికి ప్రయత్నించే బదులు కావాలనే బాగా వెడల్పు చేస్తే, రొదను అణచవచ్చునని గ్రహించి, 1933లో పేటెంట్లు పొంది, 1935 నవంబరులో న్యూయార్కులో ఇంజనీర్ల సభ ముందు ప్రదర్శించాడు. షానన్ సూత్రం రావడానికి పదమూడేళ్ళ ముందే పట్టీ వెడల్పును చెల్లించి నిశ్శబ్దాన్ని కొన్న బేరం అది. పౌనఃపున్య మాడ్యులేషన్ లేదా ఎఫ్ఎం అనే ఈ పద్ధతిలో గ్రాహకం ముందుగా తరంగపు ఎత్తుపల్లాలను కత్తిరించి సమానం చేస్తుంది. ఉరుము, స్టార్టరు రేపిన అలజడిలో చాలా భాగం ఆ కత్తిరింపుతోనే పోతుంది. ఆ తరువాత కంపనాల వేగంలోని మార్పును మాత్రమే మాటగా మారుస్తుంది.

88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఎఫ్ఎం పట్టీలో వాహకం తన స్థానం నుంచి గరిష్ఠంగా 75 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది. ధ్వని 15 కిలోహెర్ట్జ్ దాకా ఉంటే, కార్సన్ పేరుతోనే వ్యవహారంలో ఉన్న నియమం ప్రకారం ఒక్కొక్క కేంద్రానికి సుమారు 180 కిలోహెర్ట్జ్ కావాలి. ఒక్క ఎఫ్ఎం కేంద్రం ఆక్రమించే చోటులో ఇరవై మీడియం వేవ్ కేంద్రాలు ఇముడుతాయి. హైదరాబాదు నుంచి 101.9 మెగాహెర్ట్జ్ మీద వచ్చే రెయిన్‌బో, 102.8 మీద వచ్చే వివిధభారతి అంత స్వచ్ఛంగా వినిపించడానికి చెల్లించిన మూల్యం అదే. ఈ పద్ధతిలో ఒక విచిత్రం కూడా ఉంది. కుడి ఎడమ ధ్వనులను వేరుగా పంపే స్టీరియో ప్రసారంలో, రెండు ధ్వనుల మొత్తాన్ని నేరుగానూ, వాటి మధ్య తేడాను 38 కిలోహెర్ట్జ్‌ల ఉపవాహకం మీద వాహకం అణచిన ఏఎంగానూ తయారుచేసి, అన్నిటినీ కలిపి ఎఫ్ఎం చేస్తారు. ఎఫ్ఎం రేడియో అని పిలిచే పెట్టె తన కడుపులో ఒక ఏఎం గ్రాహకాన్ని కూడా మోస్తున్నదన్న మాట.

మూడు మీటర్ల పొడవైన ఎఫ్ఎం తరంగం భూమి వంపును అంటిపెట్టుకుని పోలేదు. నూరు మీటర్ల స్తంభం నుంచి వెలువడిన సంకేతం, ఇంటి కప్పు మీది పది మీటర్ల ఏరియల్‌కు ఏభై, అరవై కిలోమీటర్ల దూరం దాకా మాత్రమే నేరుగా కనిపిస్తుంది. అందువల్ల హైదరాబాదు ఎఫ్ఎం తిరుమలగిరికి చేరాలంటే చిన్న చిన్న రిలే కేంద్రాలే దిక్కు. 2023 ఏప్రిల్ 28న దేశవ్యాప్తంగా ఒకేసారి ప్రారంభమైన 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు నూరు వాట్లవే కావడం ఈ విధానానికి నిదర్శనం.

ఈ పరిమితే మరొక వైపు నుంచి వరమైంది. ఒకే పౌనఃపున్యం మీద రెండు ఎఫ్ఎం సంకేతాలు చేరినప్పుడు, బలమైనది కాస్త పైచేయిగా ఉన్నా చాలు, గ్రాహకం బలహీనమైనదానిని పూర్తిగా విస్మరిస్తుంది. ఏఎంలో అయితే రెండూ కలిసి ఈలవేస్తాయి. ఈ గుణమే లేకపోతే సామాజిక రేడియోలకు అంత సులువుగా చోటు దొరికేది కాదు. జహీరాబాదు సమీపంలోని మాచ్నూరులో 2008 అక్టోబరు 15న ప్రారంభమై, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాల చేతుల మీదుగా నడిచిన సంఘం రేడియో పౌనఃపున్యం 90.4 మెగాహెర్ట్జ్. దేశంలో ఇంకా ఎన్నో సామాజిక రేడియోలు అదే 90.4 మీద పలుకుతున్నా ఒకదానికొకటి అడ్డు రాకపోవడానికి, తరంగం దిక్చక్రం దాటకపోవడం ఒక కారణమైతే, బలహీన సంకేతాన్ని అణచే ఎఫ్ఎం స్వభావం మరొక కారణం. తమ విత్తనాల గురించి, తమ వంటల గురించి తమ యాసలోనే మాట్లాడుకునే హక్కు ఆ మహిళలకు 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు వల్ల, ప్రభుత్వ విధానం వల్ల దక్కిందని చెప్పడం పరిపాటి. అందులో ఆర్మ్‌స్ట్రాంగ్ వాటా కూడా కొంత ఉంది.

పట్టీ వెడల్పును ధారాళంగా చెల్లించి శక్తిని పొదుపు చేసిన బేరానికి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా 1975లోనే పెద్ద సాక్ష్యంగా నిలిచింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందులో మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాలు పాలుపంచుకొన్నాయి. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఆ ఉపగ్రహం ప్రసార శక్తి 80 వాట్లు, అంటే 1935 నాటి దక్కన్ రేడియో శక్తిలో సగం కూడా లేదు. తొమ్మిది మీటర్ల వ్యాసం గల గొడుగులాంటి ఏరియల్‌తో ఆ శక్తినంతా ఒక దిక్కుకు మళ్ళించినా, గ్రామానికి చేరేది అత్యల్పం. నేలమీది టెలివిజన్ కేంద్రాలు వాడే, పార్శ్వపట్టీలో కొంత భాగాన్ని కత్తిరించిన ఏఎం పద్ధతి ఆ అల్పశక్తికి తాళదు. అందుకని బొమ్మను 860 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్ఎం చేసి, మామూలు టీవీ చానలు కంటే ఎన్నో రెట్లు వెడల్పైన పట్టీలో పంపారు. పంచాయతీ భవనం మీదో బడి మీదో కోళ్ళ జాలీతో చేసిన మూడు మీటర్ల గిన్నె ఏరియల్ ఆ సంకేతాన్ని పట్టేది. దాని వెంట ఉన్న చిన్న పరికరం ఎఫ్ఎంను విప్పి, టీవీ పెట్టెకు అర్థమయ్యే రూపంలోకి మార్చేది. ఆ గ్రాహక వ్యవస్థలను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇసిఐఎల్. కరెంటు రాని ఊళ్ళలో అవి బ్యాటరీల మీద నడిచాయి.

ఆ ప్రయోగంలో తెలుగు పాఠకులు అంతగా గుర్తుంచుకోని అంశం ధ్వనికి సంబంధించినది. బొమ్మ సంకేతానికి పైన రెండు ఉపవాహకాలను నిలిపి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క ధ్వనిని విడిగా ఎఫ్ఎం చేసి పంపే ఏర్పాటు అందులో ఉంది. దీనివల్ల ఒకే బొమ్మకు తెలుగు మాటలూ కన్నడ మాటలూ ఏకకాలంలో జతపడ్డాయి. పాలమూరు గ్రామంలో తెలుగు వినిపించిన పాఠమే కర్ణాటక గ్రామంలో కన్నడంలో వినిపించింది. కృష్ణకు ఇటూ అటూ ఉన్న రైతుల పంటలు, తెగుళ్ళు ఒకటే అయినప్పుడు బొమ్మ రెండుసార్లు పంపవలసిన పనేముంది? ఒక భాషా సమస్యను ఉపవాహకాల లెక్కతో తీర్చిన సందర్భాలు ప్రపంచ ప్రసార చరిత్రలో ఎక్కువ లేవు.

ప్రయోగం ముగిసిన మూడేళ్ళకు, 1979లో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ వద్ద జాతీయ దూరసంవేదన సంస్థ ఉపగ్రహాల నుంచి చిత్రాలు అందుకునే భూకేంద్రాన్ని నెలకొల్పింది. మొదట అమెరికా ల్యాండ్‌శాట్, 1988 మార్చి 17న ప్రయోగించిన ఐఆర్ఎస్-1ఎ నుంచి మొదలుకొని భారతీయ ఉపగ్రహాలు అక్కడికి పంపే సమాచారం మొదటినుంచీ అంకెల రూపంలోనిదే. అంకెలను తరంగం మీద ఎక్కించడానికి అనేక మార్గాలున్నాయి. సున్నాకు ఒక పౌనఃపున్యం, ఒకటికి మరొకటి కేటాయించవచ్చు. లేదా పౌనఃపున్యాన్ని మార్చకుండా సున్నాకు ఒక దశను, ఒకటికి దానికి సరిగ్గా ఎదురైన దశను ఇవ్వవచ్చు. ఎదురెదురు దశలు రెండే కాక, వాటి మధ్య లంబంగా మరో రెండు దశలు కూడా వాడితే, ఒక్కొక్క మార్పు రెండేసి బిట్లను మోస్తుంది. క్యూపీఎస్‌కే అని పిలిచే ఈ చతుర్దశా పద్ధతిలోనే, 1995 డిసెంబరు 28న కక్ష్య చేరిన ఐఆర్ఎస్-1సి తన నలుపు తెలుపు కెమెరా చిత్రాలను సెకనుకు 84.9 మెగాబిట్ల వేగంతో ఎనిమిది గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కిందికి దించింది.

నాలుగు దశలతో ఆగిపోవడానికి కారణం, ఉపగ్రహంలోని విద్యుత్తు సౌరఫలకాలు ఇచ్చినంతే ఉండటం. తరంగపు ఎత్తును మార్చకుండా దశను మాత్రమే మారిస్తే, చివరి యాంప్లిఫయరును దాని పూర్తి సామర్థ్యంతో నడిపించవచ్చు. ఎత్తును కూడా మార్చవలసి వస్తే యాంప్లిఫయరును తగ్గించి నడపాలి, కరెంటు వేడిగా వృథా అవుతుంది. ఉపగ్రహానికి పట్టీ పుష్కలం, శక్తి కరువు. నేలమీది సెల్ టవరు పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. వేలంలో వేల కోట్లు పోసి కొన్న పట్టీ ఇరుకైనది, కరెంటు మాత్రం తీగ వెంట వస్తుంది. అందుకని 4జి టవరు దశనూ కంపన పరిమితినీ రెండింటినీ కలిపి మార్చే క్యామ్ అనే పద్ధతిని వాడుతుంది. టవరు పక్కన నిలబడిన ఫోనుకు 64 స్థితుల క్యామ్‌తో ఒక్కొక్క మార్పులో ఆరేసి బిట్లు పంపి, అదే ఫోను తిరుమలగిరి ఊరు దాటి పొలంలోకి వెళ్ళి సంకేతం బలహీనపడితే 16 స్థితులకు, చివరికి షాద్‌నగర్ చూసిన నాలుగు దశలకే దిగుతుంది. ఫోను ఈ మెట్లు ఎక్కడం, దిగడం సెకనులో వెయ్యో వంతు కాలవ్యవధిలో జరిగిపోతుంది కనుక, వాడేవారికి వేగం తగ్గినట్టు తప్ప వేరే ఏమీ తెలియదు.

మాడ్యులేషన్ చరిత్రలోని అతి పురాతన పరిస్థితి తెలంగాణలో అతి కొత్తగా తిరిగి వస్తున్నది. వికారాబాదు జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో భారత నౌకాదళం నిర్మించతలపెట్టిన అత్యల్ప పౌనఃపున్య కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. తమిళనాడు తిరునెల్వేలి సమీపాన 1990 నుంచి పనిచేస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తరువాత దేశంలో ఇది రెండవది. సుమారు 2,900 ఎకరాల అటవీభూమి, మూసీ పుట్టే కొండల పరిసరం కావడంతో పర్యావరణవాదులు, స్థానికులు అభ్యంతరాలు చెప్పారు. నల్లగొండ నేలకు మూసీ ఎంత ముఖ్యమో తెలిసినవారికి ఆ ఆందోళన అర్థం కానిది కాదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కేంద్రం నీటి అడుగున ఉన్న జలాంతర్గామితో మాట్లాడటం ఎలా సాధ్యమన్నది ఇక్కడి ప్రశ్న.

ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం కావడం వల్ల రేడియో తరంగాలను మింగివేస్తుంది. 738 కిలోహెర్ట్జ్ తరంగం ముప్పై సెంటీమీటర్ల లోతులోనే తన తీవ్రతలో మూడింట రెండు వంతులకు దగ్గరగా కోల్పోతుంది. 18 కిలోహెర్ట్జ్ తరంగం అంత నష్టపోవడానికి రెండు మీటర్లకు దగ్గరగా పోవాలి కాబట్టి, పది పదిహేను మీటర్ల లోతున కూడా దానిని పట్టడానికి వీలుంటుంది. పైగా అంత దిగువ తరంగాలు నేలకూ అయాను పొరకూ మధ్య వేల కిలోమీటర్లు సాగుతాయి. అయితే ఆ తరంగం పొడవు పదహారు కిలోమీటర్లకు పైమాటే. ఎన్ని వందల మీటర్ల స్తంభాలు నిలిపినా ఏరియల్ దానికి పొట్టిదే, పొట్టి ఏరియల్ ఎంతో ఇరుకైన పట్టీని మాత్రమే సమర్థంగా వదులుతుంది. మాట పంపాలంటే ఏఎంలో ఏడు కిలోహెర్ట్జ్ కావాలి, అది మోసే తరంగంలోనే మూడో వంతు దాటుతుంది. అందువల్ల ఈ తరగతి కేంద్రాలు సాధారణంగా సెకనుకు కొన్ని వందల బిట్లతో, అంటే కొన్ని పదుల అక్షరాలతో సరిపెట్టుకుంటాయి. ఇటువంటిచోట్ల వాడుకలో ఉన్న ఎంఎస్‌కే అనే పద్ధతి, రెండు పౌనఃపున్యాల మధ్య మారుతూ, ఆ మార్పులో దశ ఎక్కడా తెగకుండా చూసుకుంటుంది. తెగితే పట్టీ వెడల్పు పెరుగుతుంది. 1990ల చివర్లో తెలుగు ఊళ్ళకు వచ్చిన జీఎస్ఎం ఫోన్లు వాడినది ఇదే పద్ధతికి మరికొంత నునుపు పెట్టిన రూపం.

డిజిటల్ పద్ధతి మీడియం వేవ్‌కు కూడా వచ్చింది. డీఆర్ఎం అనే ప్రమాణంలో పది కిలోహెర్ట్జ్‌ల పట్టీని సుమారు రెండు వందల సన్నని ఉపవాహకాలుగా చీల్చి, ఒక్కొక్కదాని మీద 16 లేదా 64 స్థితుల క్యామ్‌తో కుదించిన ధ్వనిని పంపుతారు. రాత్రిపూట ఆకాశపు పొరల నుంచి, నేల వెంట వచ్చిన సంకేతాలు కలిసి కొన్ని పౌనఃపున్యాలను మింగినా మిగిలినవి నిలిచి, దిద్దుబాటు సంకేతాల సాయంతో మాట పూర్తిగా బయటపడుతుంది. అదే మీడియం వేవ్ మీద ఎఫ్ఎంకు దగ్గరి స్వచ్ఛత వస్తుంది. దేశంలో ముప్పై అయిదు దాకా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఆకాశవాణి ఈ పద్ధతికి మార్చినప్పుడు హైదరాబాదు 738, విజయవాడ 837 కూడా అందులో చేరాయి. అనలాగ్ ప్రసారం పక్కనే డిజిటల్ ప్రసారాన్నీ ఒకే ట్రాన్స్‌మిటరు నుంచి వదలగల ఏర్పాటు వాటిలో ఉంది. అయితే డిజిటల్ సంకేతానికి ఒక కఠినమైన గుణం ఉంది. ఏఎం బలహీనపడితే మాట రొదలో మెల్లమెల్లగా మునుగుతుంది, చెవి దానిని వెతుక్కుంటుంది. డీఆర్ఎం ఒక హద్దు దాకా నిర్మలంగా వినిపించి, ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా మూగబోతుంది.

ఇంతకంటే పెద్ద అడ్డంకి గ్రాహకం. కొత్త కార్లు కొన్నింటిలో డీఆర్ఎం సదుపాయం ఉన్నది గాని, పొలానికి తీసుకువెళ్ళే చౌక పెట్టె రూపంలో అది గ్రామానికి చేరలేదు. అంకెలను విప్పే చిప్పు, దానికయ్యే బ్యాటరీ ఖర్చు, పేటెంట్ రుసుములు కలిపి శ్రోత మీద పడతాయి. 1935లో మొదలైన ఏర్పాటులో ఖర్చు ప్రసార సంస్థది, లాభం శ్రోతది. డిజిటల్ ఏర్పాటులో ట్రాన్స్‌మిటరు కరెంటు మిగుల్చుకుంటుంది, ఆ మిగులుకు మూల్యం శ్రోత కొత్త పెట్టె రూపంలో చెల్లించాలి. సైట్ ప్రయోగంలో గ్రాహకాన్ని గ్రామం కొనలేదు, ప్రభుత్వమే కొని బడి మీద పెట్టింది. డీఆర్ఎంకు ట్రాన్స్‌మిటర్లు కొన్నప్పుడు అటువంటి ఏర్పాటు గ్రాహకాలకు జరగలేదు. అది జరిగే వరకు 738 మీద అనలాగ్ ప్రసారాన్ని ఆపడం సాంకేతికంగా సులభమే గాని, తిరుమలగిరిలో పాత రేడియో ఉన్నవారికి సంబంధించినంతవరకు అది కేంద్రాన్ని మూసివేయడంతో సమానం అవుతుంది.